కథకు చీటి

మిషను ఆసుపత్రిలో మందులిచ్చు కిటికీవద్ద నిలిచినవా రందరును ఒక సంగతి చూచియుందురు. కంపౌండరు సీసాలో మందు పోసి యూరకుండడు; దానిపై నొక చీటి యంటించును. ఆ చీటిమీద మందు గొప్పతనము వ్రాయబడదు. అది లోనికి పుచ్చుకొనునదా, పైన రాయునదా, పూట కెంత, ఎవరికి, అను సంగతులు మాత్రమే యుండును. చీటివలన మందునకు గుణము హెచ్చదు, తగ్గదు. కాని చీటి తప్పినయెడల మంచి మందే కీడు చేయును. కథకును ఇట్టి చీటి యొకటి కావలయునా? కావలసినచో దానిపై నేమి వ్రాయవలెను? ఈ సంవత్సరము మన సంచికకు రచనలు కూర్చుచుండగా ఈ ప్రశ్న మా సంఘము నెదుటికి వచ్చినది. దానిని తీర్చుకొనుటలో నేను నేర్చుకొనినది కొంత కలదు. అది విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడు నను తలంపుతో ఇచ్చట వ్రాయుచున్నాను.

పదవ తరగతి విద్యార్థిని యొకతె తెలుగులో నొక కథ వ్రాసి తెచ్చెను. కథ యామెదే, పాత్రలు మాత్ర మామె సృష్టించినవి కావు. ఆంగ్ల రచయితయగు సర్ ఆర్థర్ కానన్ డాయిల్ (1859–1930) సృష్టించిన అపరాధపరిశోధకుడు షెర్లాక్ హోమ్సు పేరు విననివారు మనలో నరుదు. అతని మిత్రుడు డాక్టరు వాట్సను. వాట్సను వివాహమాడిన మేరీ, 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ అను నవలలోని యువతి. ఆమె తండ్రి హిందూదేశపు సైన్యములో నధికారి. డాయిల్ 1893 డిసెంబరులో ప్రకటించిన ‘ది ఫైనల్ ప్రాబ్లం’ అను కథలో హోమ్సును స్విట్జర్లాండులోని రైకెన్‌బాక్ జలపాతమువద్ద అంతమొందించెను. పాఠకులు మిక్కిలి దుఃఖించిరి. పది సంవత్సరముల తరువాత, 1903లో, ‘ది ఎంప్టీ హౌస్’ అను కథలో హోమ్సు చావలేదని చెప్పి డాయిల్ అతనిని తిరిగి తెచ్చెను. కథాకాలమునుబట్టి యీ యెడబాటు 1891 మొదలు 1894 వరకు మూడు సంవత్సరములు. ఆ మూడేండ్లలో వాట్సను ఎట్లు బ్రతికెనో డాయిల్ ఇంచుమించు చెప్పనే లేదు. హోమ్సు తిరిగివచ్చినపుడు వాట్సనునకు కలిగిన యొక ఆత్మీయ వియోగమునుగూర్చి మాత్రము రెండు మాటలలో సూచించి విడిచెను. ఆ వియోగము భార్యామరణమే యని పాఠకులు సాధారణముగా గ్రహింతురు.

మన విద్యార్థిని ఆ రెండు మాటలను పట్టుకొని పన్నెండు పుటల కథ యల్లినది. మేరీ మంచము పట్టినది. వాట్సను స్వయముగా వైద్యుడైనను ఏమియు చేయజాలడు. రాత్రులందు ఆమె నిద్రించినపుడు, చనిపోయినాడని తాను నమ్మిన మిత్రునికి ఉత్తరములు వ్రాయుచుండును. చిరునామా లేని ఆ యుత్తరములు పెట్టెలో పేరుకొనును. కడపట మేరీ మరణించును. ఆ రాత్రి వాట్సను కాగితము తీసి, ఏమియు వ్రాయలేక, దీపమార్పివేయును. ఇంతే కథ. సంఘములో దానిని చదివినవారి కందరకును కన్నులు చెమర్చినవి.

ఇట్లు ఒక రచయిత పాత్రలయందలి ప్రీతిచే మరియొకరు వాటితో క్రొత్తకథ యల్లుటను నేడు ఫ్యాన్ ఫిక్షన్ అనుచున్నారు, అభిమానకథ యనవచ్చును. మన సంచికలో స్వతంత్ర కథలు, అనువాదములు అని రెండే శీర్షికలు కలవు. దీనిని దేనిక్రింద చేర్పవలెను? సంఘములో నొకరు, డాయిల్ వాక్య మొక్కటియు నిందు లేదు గనుక ఇది స్వతంత్రమే యనిరి. మరియొకరు, మనుష్యులందరు అరువు తెచ్చికొనబడినవారు గనుక స్వతంత్రమనుట సత్యము కాదనిరి. ఇద్దరి మాటయందును నిజము కలదు.

ఈ చిక్కు మన పెద్దలకు క్రొత్తది కాదు. దశరూపకమును రచించిన ధనంజయుడు నాటకముల ఇతివృత్తములను ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. పూర్వకథనుండి గ్రహించినది ప్రఖ్యాతము. కవి తానే కల్పించినది ఉత్పాద్యము. రెండును కలిసినది మిశ్రము. వసుచరిత్రకర్తయగు రామరాజభూషణుడు ఈ భేదమునే రత్నములతో పోల్చెను. కేవల కల్పిత కథలు కృత్రిమ రత్నములు. పూర్వకథలు గనిలో పుట్టిన రత్నములు. కవికల్పనచే నలంకరింపబడిన పూర్వకథలు సానపట్టిన జాతిరత్నములు. ఇట్లు చెప్పి ఆ మహాకవి మిశ్రమునకే యగ్రస్థాన మిచ్చెను. కావున మిశ్రమగుట చిన్నతనము కాదు. చిన్నతన మెచ్చట నున్నదన, గని పేరు దాచుటలో నున్నది. మన పూర్వకవులు తమ కథ ఎవరినుండి వచ్చినదో గ్రంథారంభముననే వినయముతో చెప్పుకొనిరి.

చట్టమునుబట్టి చూచినను మన విద్యార్థినికి అడ్డు లేదు. మన దేశమున రచయిత మరణించిన పిదప అరువది సంవత్సరములు గడచినచో గ్రంథస్వామ్యపు హక్కు తీరును. డాయిల్ 1930లోనే గతించెను. అమెరికాలో సైతము అతని హోమ్సు కథలలో కడపటివానికి 2023 జనవరి 1వ తేదీతో ఆ హక్కు తీరినది. హక్కు తీరినను ఋణము తీరదు. మూలకర్త పేరు చెప్పుట చట్టము విధించిన పన్ను కాదు, మర్యాద. కాబట్టి మొదటి పంక్తి సులభముగానే కుదిరినది: ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన పాత్రల ననుసరించి వ్రాసిన కథ.

అంతతో పని ముగియలేదు. అభిమానకథలు వ్రాయువారు చీటి వ్రాయుటను ఒక శాస్త్రముగా పెంచియున్నారని తెలిసి, వారి పద్ధతిని తెలిసికొనగోరితిని. ‘స్టార్ ట్రెక్’ అను అమెరికా దేశపు టెలివిజను కథల అభిమానులు 1967లో ‘స్పాకనేలియా’ అను పత్రికను వెలువరించిరి. అట్టి పత్రికలలో ఈ రచనలు విస్తరించినవి. తరువాత 1998లో ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ అను భాండాగారము ఇంటర్నెట్టులో నేర్పడినది. 2007లో స్థాపింపబడిన లాభాపేక్ష లేని యొక సంస్థ, ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అను మరియొక భాండాగారమును నిర్మించి, 2009లో అందరికి తెరచినది. దీనికి 2019లో హ్యూగో బహుమానము వచ్చినది. పెద్దలకొరకు మాత్రమే వ్రాసినవియు నందు కలవు గనుక అచ్చటికి పొండని నేను విద్యార్థులకు చెప్పుట లేదు. వారి చీటి పద్ధతి మాత్రము తెలిసికొనదగినది.

ఆ పద్ధతి యిట్టిది. ఏ మూలకథ ననుసరించినది, ఏ యీడువారికి తగినది, ముందుగా హెచ్చరింపవలసిన దేమైన కలదా, పాత్ర లెవరు, వారిలో నెవరికి నెవరితో నెట్టి సంబంధము, తక్కిన విశేషము లేవి. ఇట్లు ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క జవాబు. గ్రంథాలయములో పుస్తక మొక్క బీరువాలో నొక్క చోటనే నిలువగలదు; చీటిపై మాత్రము కథ యొక్కసారే పలుచోట్ల నిలువగలదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియగు ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణములో విషయమును ముఖములుగా విడదీసి చూచుట యిట్టిదే. ఆయన 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో, ప్రతి పాఠకునికి తగిన గ్రంథము దొరకవలెననియు, ప్రతి గ్రంథమునకు తగిన పాఠకుడు దొరకవలెననియు, పాఠకుని కాలము వృథా కారాదనియు కలదు. చీటి చేయవలసిన పని యీ మూడే.

ఇక మా విద్యార్థినియు నేనును ఆ ప్రశ్నల నొక్కొక్కటిగా ఆమె కథకు వేసి చూచితిమి.

మొదట, ఇది మూలకథతో నేకీభవించునా, దానినుండి చీలిపోవునా? హోమ్సు జలపాతమువద్దకే పోలేదని వ్రాసినచో అది చీలిపోయిన కథ. ఈమె అట్లు చేయలేదు. డాయిల్ చెప్పినదానిలో నొక్కటియు మార్చక, చెప్పక విడిచినదానిని నింపినది. అభిమానకథకులు దీనిని విడిచిన ఘట్టము అను నర్థముగల పేరుతో పిలుతురు. ఇది యామె కథకు సరిగా నతికినది. అయితే మేరీ మరణమును డాయిల్ పేరు పెట్టి చెప్పలేదే యని యామెయే సందేహించెను. పాఠకు లెక్కువమంది గ్రహించినదానినే నీవును గ్రహించితివి గనుక దోషము లేదంటిని.

రెండవది, పాత్రలు. ఇచ్చట చిక్కు వచ్చినది. ఆమె మొదట హోమ్సు పేరే పైన వ్రాసినది. ఆమె తోడివిద్యార్థినులు ‘షెర్లాక్ హోమ్సు క్రొత్తకథ’ యని పెద్ద యక్షరములతో వేయింపుమని యామెకు సలహా చెప్పిరట. అట్లయిన నందరు చదువుదు రని వారి యాశ. నేనామెను, “అమ్మా, నీ కథలో హోమ్సు ఎన్ని మాటలు పలికినాడు?” అని యడిగితిని. ఆమె కొంత తడ వూరకుండి, “ఒక్కటియు లేదు, మాస్టారూ. అతడు లేకుండుటయే కథ” అనెను. ఎంత చక్కని మాట! హోమ్సును వెదకుకొని వచ్చు పాఠకుడు పరిశోధనను, పరుగును, చివర బయలుపడు రహస్యమును కోరును. అతనికి రోగి మంచమును, వ్రాసియు పంపని యుత్తరములను చూపినచో నతడు కథను నిందించును. కథలో తప్పు లేదు, చీటిలో కలదు. అంత యామె తానే ఆ పేరు కొట్టివేసి, వాట్సను, మేరీ అని వ్రాసి, క్రింద ‘హోమ్సు ఇందు కనబడడు’ అని చేర్చెను. పాఠకులను లాగుకొనివచ్చు పేరును చేతులార తీసివేయుట పదునైదేండ్ల బాలికకు సులభము కాదు.

మూడవది, సంబంధము. అభిమానకథల చీటిలో ఇద్దరి పేర్ల నడుమ వాలుగీత యున్నచో వారి నడుమ ప్రణయము కలదనియు, ‘మరియు’ అను గుర్తు ఉన్నచో స్నేహమో బంధుత్వమో కలదనియు అర్థము. వాలుగీత వాడుక ‘స్టార్ ట్రెక్’ అభిమానులలో 1970ల నాటిది. ఒక్క గీతలో నింత యర్థ మిమిడినది! వాట్సనునకును మేరీకిని దాంపత్యము. వాట్సనునకును హోమ్సునకును స్నేహము. ఏది ముందు వ్రాయవలెను? ఉత్తరములు మిత్రునికే వ్రాసినను, ప్రతి యుత్తరములో నున్నది భార్యయే యని యామె తేల్చెను. కావున దాంపత్యమే ముందు.

నాలుగవది, వయస్సు. మా సంఘములో నొకరు, ఇంత దుఃఖము గల కథ పై తరగతులవారికే యుండవలెననిరి. నాకు వేరుగా తోచినది. వయోనియమము దారుణమును, అసభ్యమును కొలుచునది. దుఃఖమును కొలుచునది కాదు. దుఃఖము పిల్లల యిండ్లకు వయస్సు అడిగి రాదు. ఇందు మాటలు స్వచ్ఛములు, వర్ణన మృదువు. అందరు చదువదగిన దనియే వ్రాసితిమి.

కడపటిది హెచ్చరిక. అన్నిటికంటె కష్టమైనదియు నిదియే. నేను చెప్పిన భాండాగారములో తప్పక యెన్నుకొనవలసిన హెచ్చరికలు కొన్ని కలవు. దారుణ హింస యొకటి. ముఖ్యపాత్ర మరణ మొకటి. ఇవి లేనిచో లేవని వ్రాయవలెను. ఉన్నచో ఉన్నవని వ్రాయవలెను. రెంటికి నడుమ మూడవ మార్గ మొకటి కలదు: నేను హెచ్చరికలు వాడదలచలేదు అని రచయిత బాహాటముగా చెప్పవచ్చును. అప్పుడు లోన నేమైన నుండవచ్చునని పాఠకుడు తెలిసియే యడుగిడును. చెప్పకుండుట వేరు; లేదని నమ్మించుట వేరు; చెప్పనని చెప్పుట వేరు. ఈ మూటి భేదము తెలిసికొనుటయే నాకు ఈ సంవత్సరము కలిగిన పెద్దలాభము. కథలలోనే గాక లోకవ్యవహారములోను మొదటిదానిని రెండవదానితో కలిపి మనము ఎన్ని కలహములు తెచ్చుకొనుచున్నాము!

విద్యార్థిని మూడవ మార్గము కోరెను. “మేరీ బ్రతుకునేమో యను నాశతో చదువవలెను, మాస్టారూ. ముందే చెప్పినచో ఇంకేమి మిగులును?” అని యడిగెను. ఆమె ప్రశ్న న్యాయమైనది. నేను రెండు మాటలు చెప్పితిని. భాండాగారములో పాఠకుడు తనకు తానై వచ్చి తలుపు తీయును. మన సంచిక యట్లు కాదు, అడుగకయే ప్రతి యింటికిని పోవును, తల్లి చదువుచుండగా చిన్నపిల్లలు విందురు. ఇది యొక మాట. రెండవది, ముందు తెలిసినంతమాత్రమున కథ చచ్చునా? పద్మవ్యూహములోనికి పోవు అభిమన్యుడు తిరిగి రాడని యెరుగని వా డెవడు? అయినను ప్రతిసారి మన గుండె కొట్టుకొనును. గుడ్ ఫ్రైడే నాడు దేవాలయములో కూర్చుండువారు సిలువ కథ ముగింపును పసితనమునుండి యెరుగుదురు. ఎరిగియే కన్నీరు విడుతురు. అంతయేల, హోమ్సు మరణించినట్లు చెప్పిన ఆ 1893 నాటి కథలో డాయిల్ మొదటి వాక్యములలోనే వాట్సనుచేత, బరువెక్కిన హృదయముతో కడసారి వ్రాయుచున్నానని చెప్పించెను. మహారచయిత తన కథకు తానే చీటి కట్టెను. దానివలన పాఠకుల శోకము తగ్గలేదు.

ఆమె వెంటనే యొప్పుకొనలేదు. కాగితములు తీసికొని యింటికి పోయెను. మూడు దినముల తరువాత వచ్చి చెప్పిన మాటను ఆమె యనుమతితో వ్రాయుచున్నాను. “మాస్టారూ, మా నాయనమ్మ పోయిన నెలలో నేనొక నవల చదువుచు నడుమనే మూసివేసితిని. అందులో ముసలమ్మ ఆసుపత్రికి పోవును. ఆ పుస్తకము చెడ్డది కాదు. ఆ నెల నాకు తగినది కాదు. ఒక్క పంక్తి ముందు వ్రాసియున్నచో తరువాత తీరికగా చదివెడిదానను. ఇప్పటికిని దానిని తెరువ లేకున్నాను. నా కథను కూడ ఎవరో ఒకరు అట్లు నడుమ మూసి మరల తెరువకపోదురేమో. అంతకంటె వారే మంచి సమయము చూచుకొని చదువుట మేలు.” ఇట్లని, తానే యొక పంక్తి వ్రాసి చూపెను. అందు మరణము కలదని చెప్పినది, ఎవరిదో చెప్పలేదు. పాఠకునికి కావలసినంత జాగ్రత్తయు, కథకు కావలసినంత మరుగును అందులోనే యుండుటచే నాకు చేర్పవలసిన దేమియు కనబడలేదు.

చీటి యెంత యుండవలెను అను ప్రశ్నయు కలదు. కొందరు కథకంటె చీటిని పొడవు చేయుదురు. ఆ భాండాగారమువారు సైతము ఒక రచనకు డెబ్బదియైదు గుర్తులకు మించరాదని హద్దు పెట్టవలసివచ్చినది. మేము నాలుగు పంక్తులకు తగ్గించితిమి. కథ మంచిదని గాని, కన్నీరు తెప్పించునని గాని అందు వ్రాయలేదు. అది పాఠకుడు చెప్పవలసిన మాట.

ఈ సంచికలో ‘మిశ్రకథ’ అను క్రొత్త శీర్షిక క్రింద ఆ కథను మీరు చూతురు. ఇకముందు తమ కభిమానమైన పాత్రలతో కథలు వ్రాయదలచిన విద్యార్థులకు ఆ శీర్షిక తెరచియే యుండును. రామాయణపాత్రలు గాని, జానపదవీరులు గాని, నేటి తెరపై కనబడు వీరులు గాని, ఎవరైనను సరియే; వ్రాసి తెండు. తెచ్చునపుడు పై ప్రశ్నలకు మీ జవాబులను వేరు కాగితముపై వ్రాసి జతపరుపుడు. జవాబు తోచని ప్రశ్న కలదేని, కథలో నింకను తేలని దేదో కలదని యెరుగుడు. ఆ బాలిక కాగితముపై వ్రాసిన చీటి మాదిరిగా నుండునని దానిని యథాతథముగా నిచ్చట ముద్రించుచున్నాము:

“ఆర్థర్ కానన్ డాయిల్ సృష్టించిన పాత్రల ననుసరించి వ్రాసిన కథ, మూలములో విడిచిన ఘట్టము. పాత్రలు: డాక్టరు వాట్సను, ఆయన భార్య మేరీ. హోమ్సు ఇందు కనబడడు. అందరు చదువవచ్చును, వ్యాధియు, ఇంటిలో నొక మరణమును ఇందు కలవు గనుక, మనస్సు కుదుటపడినపుడు చదువుడు.”